పాత యంత్రానికి కొత్త ఊపిరి

'పాతొక రోత, కొత్తొక వింత' అన్నది తెలుగునాట తరతరాలుగా వినవస్తున్న సామెత. ఎన్నో ఇళ్లలో అన్నయ్యో అక్కయ్యో చదువు ముగించి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఒకటి బీరువా మీద దుమ్ము పట్టి ఉంటుంది. మీట నొక్కితే తెర సిద్ధం కావడానికే నిమిషాలు పడుతుంది. 'ఇది ఇక పనికిరాదు' అని ఇంటిల్లిపాదీ తీర్మానిస్తారు. కొత్తది కొనే స్తోమత లేని విద్యార్థికి ఆ తీర్మానంతో కంప్యూటర్ విద్యే దూరమవుతుంది. ఆ యంత్రం నిజంగా శక్తి కోల్పోయిందా? లేక అది మోయలేని బరువును మనమే దాని నెత్తిన పెట్టామా? ఈ ప్రశ్నకు సమాధానం తెలుసుకోవడం అవసరం.

కంప్యూటర్‌లోని ర్యామ్‌ను మనం చదువుకునే బల్లతోను, హార్డ్ డిస్క్‌ను పుస్తకాల బీరువాతోను పోల్చవచ్చు. బల్ల నిండిపోతే ప్రతి పుస్తకం కోసం లేచి బీరువా దగ్గరకు వెళ్లవలసిందే. పాత ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి తరచుగా కనిపించే కారణం ఇదే. బల్ల చిన్నదిగానే ఉంది. దాని మీద పరచవలసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఏటేటా పెరిగింది. దీనికి తోడు, మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11కు 4 గిగాబైట్ల ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, నిర్దేశించిన ప్రాసెసర్లు తప్పనిసరి. అందువల్ల పనిచేస్తున్న యంత్రాలు కూడా అనేకం మూలన పడే స్థితి ఏర్పడింది. పారవేసిన యంత్రాలలోని సీసం వంటి విషపదార్థాలు నేలను, నీటిని కలుషితం చేస్తాయి.

ఇటువంటి యంత్రాలకు ఆసరా కాగలిగినది లినక్స్. అందరూ స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకోగల సాఫ్ట్‌వేర్ కోసం రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నల్‌ను రూపొందించాడు. ఈ రెండింటి కలయికతో ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లు వెలువడ్డాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులోనే అటువంటి వ్యవస్థను సిద్ధం చేసింది.

లినక్స్‌లో గమనించదగిన విశేషం ఒకటి ఉంది. మనకు తెరపై కనిపించే మెనూలు, కిటికీలు, పట్టీలు అన్నీ కలిసినదే డెస్క్‌టాప్. ఇది కెర్నల్‌లో భాగం కాదు. చొక్కా వలె మార్చుకోదగినది. 1996లో ఒలివియే ఫూర్దాన్ ప్రారంభించిన ఎక్స్‌ఎఫ్‌సీఈ, 2006లో తైవాన్‌లో పుట్టిన ఎల్ఎక్స్‌డీఈ తేలికైన డెస్క్‌టాప్‌లుగా పేరు పొందాయి. 'మంచమున్నంత వరకే కాళ్లు చాపుకోవాలి' అన్న పెద్దల మాటను అవి పాటిస్తాయి. కొత్తగా నేర్చుకునేవారికి లినక్స్ మింట్‌లోని ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు అనుకూలమైనది. దానికి 64 బిట్ ప్రాసెసర్, కనీసం 2 గిగాబైట్ల ర్యామ్ ఉండాలి. 4 గిగాబైట్లు ఉంటే సౌకర్యంగా నడుస్తుంది.

పని ప్రారంభించే ముందు పాత ల్యాప్‌టాప్‌లోని ఫోటోలను, పత్రాలను మరొక చోట భద్రపరచుకోవాలి. ఈ జాగ్రత్తను విస్మరించినవారు తరువాత విచారించి ప్రయోజనం లేదు. బాగా పనిచేస్తున్న మరొక కంప్యూటర్ సహాయంతో 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్‌ను ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుందని గుర్తుంచుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుండి నడిపించి, డిస్క్‌ను ముట్టకుండానే వైఫై, ధ్వని, కీబోర్డు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించవచ్చు. అన్నీ సరిగా ఉన్నాయని తేలిన పిమ్మటే డిస్క్‌లో స్థాపించాలి.

ఇక అవసరానికి తగినట్లు తీర్చిదిద్దుకోవడం మిగిలింది. అలంకరణ కన్న ముందు బరువు తగ్గించాలి. సెట్టింగ్స్‌లోని 'సెషన్ అండ్ స్టార్టప్' విభాగంలో, కంప్యూటర్ మేల్కొనగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాముల జాబితా ఉంటుంది. ప్రింటర్ లేని ఇంట్లో ప్రింటర్ సూచిక అనవసరం. అయితే దేని ప్రయోజనమేమిటో తెలియకపోతే దానిని కదపకూడదు. 'విండో మేనేజర్ ట్వీక్స్'లోని కంపోజిటర్‌ను ఆపితే కిటికీల నీడలు, పారదర్శకత పోయి కొంత భారం తగ్గుతుంది. కొన్ని యంత్రాలలో అప్పుడు వీడియో చీలినట్లు కనిపించవచ్చు. అలా జరిగితే దానిని తిరిగి ప్రారంభించాలి.

ఆ తరువాత పట్టీ మీద కుడి మీట నొక్కి, నిత్యం వాడే ప్రోగ్రాములను దానిపై ఉంచుకోవచ్చు. చూపు మందగించిన తాతగారి కోసం అక్షరాల పరిమాణం పెంచవచ్చు. కీబోర్డు సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకుంటే మన లిపిలోనే వ్యాసాలు రాసుకోవచ్చు. మార్పులను ఒక్కొక్కటిగా చేస్తూ నోటు పుస్తకంలో నమోదు చేసుకుంటే, పొరపాటు ఎక్కడ జరిగిందో సులభంగా తెలుస్తుంది. పట్టీ, అక్షరాలు, రంగులు వంటి అమరికలు ఎవరి ఖాతాలో వారివిగా ఉంటాయి. కనుక ప్రయోగాల కోసం వేరొక ఖాతాను తెరిస్తే అసలు ఖాతాలోని అమరికలు చెదరవు. ఎవరో చెప్పిన ఆజ్ఞలను అర్థం తెలియకుండా నిర్వాహక అధికారంతో అమలు చేయడం మాత్రం ప్రమాదకరం.

తేలికైన డెస్క్‌టాప్‌కూ పరిమితులున్నాయి. బ్రౌజర్‌లో ఇరవై పుటలు ఒకేసారి తెరిస్తే చిన్న బల్ల మళ్లీ నిండిపోతుంది. అది డెస్క్‌టాప్ దోషం కాదు. వీలైతే హార్డ్ డిస్క్‌కు బదులు ఎస్ఎస్‌డీ అమర్చడం వల్ల గొప్ప మార్పు కనిపిస్తుంది. విండోస్ కోసమే తయారైన కొన్ని ప్రోగ్రాములు లినక్స్‌లో నడవవు కనుక, మనకు కావలసినవి ఏమిటో ముందే విచారించుకోవాలి. వ్యాసరచనకు, లెక్కల పట్టికలకు లిబ్రే ఆఫీస్ ఉచితంగా లభిస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి పైథాన్ వంటి భాషలూ అందుబాటులో ఉన్నాయి.

ఈ సాధన వల్ల కలిగే లాభం మిగిలిన డబ్బు మాత్రమే కాదు. 'నాకు నిజంగా ఏది అవసరం? ఏది లేకపోయినా గడుస్తుంది?' అని ప్రతి మార్పు దగ్గరా విద్యార్థి తనను తాను ప్రశ్నించుకుంటాడు. యంత్రం ఎలా పనిచేస్తున్నదో తెలుసుకున్నవాడు దానికి లొంగి ఉండడు. దానిని తన పనికి అనుగుణంగా మలచుకుంటాడు. బీరువా మీది ల్యాప్‌టాప్‌ను పారవేసే ముందు దుమ్ము తుడిచి, ఒక్కసారి దాని బరువు దించి చూడడం వివేకవంతుల లక్షణం.