డాక్ మారిస్తే పాట మారుతుందా?

సీడీ అయినా, కంప్యూటర్లో దాచుకున్న ఫైలు అయినా, ఇంటర్నెట్‌లో వచ్చే పాట అయినా లోపల ఉండేవి అంకెలే. స్పీకరుకి అంకెలు పనికిరావు, హెచ్చుతగ్గులయ్యే కరెంటు కావాలి. అంకెల్ని అలాంటి కరెంటుగా మార్చేదే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్, పొట్టిగా ‘డాక్’. లాప్‌టాప్‌లోనూ, టీవీలోనూ ఇది ఒక చిన్న చిప్. దాన్నే విడిగా మందపాటి అల్యూమినియం పెట్టెలో పెట్టి వంద డాలర్ల నుంచి పదివేల డాలర్ల పైదాకా అమ్ముతున్నారు. అంత పోస్తే పాట నిజంగా బాగా వినిపిస్తుందా?

ముందు కొంచెం లెక్క చూద్దాం. 1982లో వచ్చిన సీడీలో ధ్వని తరంగాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతని 16 బిట్లలో రాస్తారు. కొలతకీ కొలతకీ మధ్య ఖాళీలో సంగీతం జారిపోతుందని చాలామంది భయం. జారిపోదు. అందులో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలిస్తే తరంగాన్ని మొత్తం తిరిగి రాబట్టవచ్చని క్లాడ్ షానన్ 1949లో నిరూపించాడు. మన చెవి హద్దు సుమారు 20,000 హెర్ట్జ్, వయసుతో అదీ తగ్గుతుంది. ఇక 16 బిట్లంటే అతి పెద్ద శబ్దానికీ అతి చిన్న శబ్దానికీ మధ్య దాదాపు 96 డెసిబెల్స్. రాత్రిపూట ప్రశాంతంగా ఉన్న హాల్లో కూడా ముప్ఫై డెసిబెల్స్ దాకా చప్పుడు ఉంటుంది. దానిపైన 96 కలిపితే చెవులు నొప్పెట్టే స్థాయి.

ఒకప్పుడు ఈ 16 బిట్లని కచ్చితంగా మార్చడం కష్టమే. రెసిస్టర్ల నిచ్చెనతో చేసే పద్ధతిలో పై మెట్టు 65,536లో ఒక వంతు కూడా తేడా రాకుండా ఉండాలి. మొదటి తరం ప్లేయర్లలో ఫిలిప్స్ 14 బిట్ల చిప్ వాడి, కొలతల సంఖ్యని నాలుగు రెట్లు పెంచి పని జరిపింది. తరువాత వచ్చిన డెల్టా-సిగ్మా పద్ధతి తక్కువ బిట్లతో, చాలా ఎక్కువ వేగంతో నడిచి, పుట్టిన రొదని చెవికి అందని ఫ్రీక్వెన్సీల్లోకి నెట్టేస్తుంది. అప్పటి నుంచి మంచి డాక్ చవకైపోయింది. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెయోకలో అసాహి కసేయ్ చిప్ ఫాక్టరీ తగలబడినప్పుడు చవక పెట్టెలవాళ్ళూ, ఖరీదైన పెట్టెలవాళ్ళూ కూడా డిజైన్లు మార్చుకోవలసి వచ్చింది. ధరలు వేరైనా లోపలి చిప్‌లు చాలావరకు అవే కంపెనీలవి!

మరి తేడా వినిపిస్తుందని అంతమంది ఎందుకంటారు? నా మిత్రుడొకడు ముప్ఫై రోజుల్లో వాపసు చేయవచ్చన్న షరతు మీద మూడు వేల డాలర్ల డాక్ తెచ్చాడు. వాడి పాత వంద డాలర్ల డాక్ పక్కన పెట్టి విన్నాం. “గొంతు ఎదురుగా నిలబడి పాడినట్టుంది రా” అన్నాడు. నాకూ కొత్తదే బాగుంది. వోల్ట్‌మీటర్ పెట్టి చూస్తే పాతది 2 వోల్టులు, కొత్తది 2.5 వోల్టులు ఇస్తోంది. అంటే కొత్తది దాదాపు 2 డెసిబెల్స్ గట్టిగా మోగుతోంది. ఇంత చిన్న తేడా మన చెవికి ‘గట్టిగా ఉంది’ అనిపించదు, ‘బాగుంది’ అనిపిస్తుంది.

కొత్తదాని వాల్యూమ్ తగ్గించి రెండూ ఒక శాతం లోపు కలిసేట్టు సర్దాం. వాళ్ళావిడ నాణెం ఎగరేసి, మాకు కనపడకుండా స్విచ్చి మార్చింది. 16 సార్లలో వాడు సరిగ్గా చెప్పినవి 9. ఊరికే ఊహించి చెప్పినా ఎనిమిది వస్తాయి. 12 వచ్చుంటే నమ్మవచ్చు, అదృష్టంతో అన్ని రావడానికి అవకాశం వందలో నాలుగే. ఇలాంటి పరీక్షే పెద్ద ఎత్తున మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసి 2007లో ప్రచురించారు. హై రిజల్యూషన్ ధ్వనిని సీడీ స్థాయికి దించి వినిపిస్తే 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. సగం కూడా లేవు.

అన్ని డాక్‌లూ ఒకటే అని నేననడం లేదు. ఫిల్టరు లేకుండా చేసిన కొన్ని డాక్‌లు సీడీ పాటలో 20,000 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్‌కి పైగా తగ్గించేస్తాయి. వాక్యూమ్ ట్యూబులు పెట్టినవి తమ రంగు పులుముతాయి. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ తీగలో గుయ్యిమనే రొద రావచ్చు, విడి డాక్‌తో అది పోవచ్చు కూడా. ఆ మెత్తదనం మీకు నచ్చితే కొనుక్కోండి, కానీ అది రుచి, కచ్చితత్వం కాదు.

మా వాడి అసలు కోరిక ‘మాయాబజార్’ పాటలు చిన్నప్పుడు విన్నట్టు మళ్ళీ వినాలని. 1957 నాటి మోనో రికార్డింగు అది. గరగర తీసేస్తామని ఎవరో తరువాతి కాపీలో హెచ్చు ఫ్రీక్వెన్సీలు కోసేసి ఉంటే, ఆ పోయినదాన్ని ఏ డాక్ తిరిగి తేలేదు. అదే పాట రెండు మూడు వేరువేరు విడుదలల్లో విని చూశాం. వాటి మధ్య తేడా కళ్ళు మూసుకున్నా తెలిసిపోయింది! వాడు పెట్టె వాపసు చేసి, ఆ డబ్బులో మూడో వంతుతో మంచి స్పీకర్లూ, ఉత్త చెక్క నేల మీదకి మందపాటి తివాచీ కొన్నాడు.

మీరూ కొనాలనుకుంటే వాపసు గడువు ఉన్న చోటే కొనండి. వోల్ట్‌మీటరుతో స్థాయిలు సరిచేసి, ఇంట్లో ఒకరి చేత స్విచ్చి మార్పించి, 16 సార్లు రాసుకోండి. ఒక సాయంత్రం పని, అంతే.