క్రమరహిత ఋతుస్రావం

క్రమరహిత ఋతుస్రావం అనగా స్త్రీలలో నెలసరి వచ్చే వ్యవధి, రక్తస్రావం జరిగే రోజులు లేదా దాని పరిమాణం మామూలు కంటే ఎక్కువగా మారుతూ ఉండటం. తెలుగు వాడుకలో "నెల తప్పింది" అంటే గర్భం వచ్చిందని అర్థం. అయితే నెల తప్పిన ప్రతిసారీ అది గర్భమే కానక్కరలేదు. అలాగే గర్భం వచ్చిన తరువాత కూడా కొందరిలో స్వల్పంగా రక్తం కనిపించవచ్చు.

ఋతుచక్రం

ముట్టు మొదలైన రోజు నుండి మరుసటి ముట్టు మొదలయ్యే వరకు గల కాలాన్ని ఋతుచక్రం అంటారు. ఇది పెద్దవారిలో 21 నుండి 35 రోజులు, రజస్వల అయిన తొలి సంవత్సరాలలో 45 రోజుల వరకు ఉండవచ్చు. అండం సాధారణంగా మరుసటి ముట్టుకు సుమారు 14 రోజుల ముందు విడుదలవుతుంది. కనుక 28 రోజుల చక్రంలో 14వ రోజు ప్రాంతంలోను, 40 రోజుల చక్రంలో 26వ రోజు ప్రాంతంలోను విడుదల కావచ్చు. అండం ఒక రోజు, వీర్యకణాలు 5 రోజుల వరకు జీవిస్తాయి. అందువలన ముట్లు సక్రమంగా లేనివారు రోజులు లెక్కించే పద్ధతిని నమ్ముకోరాదు.

కారణాలు

గర్భం, బిడ్డకు పాలివ్వడం, థైరాయిడ్ లోపాలు, పాలిసిస్టిక్ ఓవరీ, బరువులో మార్పు, మానసిక ఒత్తిడి, కొన్ని మందులు, ముట్లుడిగే వయసు ముఖ్య కారణాలు. మారుతూ ఉండే షిఫ్టులలో పనిచేసే స్త్రీలలో కూడా ఋతుక్రమం తప్పడం గమనించారు. రామగుండం, గోదావరిఖని, రామగిరి ప్రాంతపు సింగరేణి గనులలో పని షిఫ్టులలో జరుగుతుంది. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోను, రాత్రివేళ గనులలోను పనిచేయనివ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం షరతులతో ఈ నిబంధనను సడలించింది. అయితే పరీక్ష చేయకుండా రాత్రి డ్యూటీయే కారణమని అనుకోవడం సరికాదు.

గర్భనిరోధక సాధనాలు - ఋతుక్రమం

* మాలా-ఎన్ వంటి మాత్రలు: ముట్లు క్రమబద్ధమవుతాయి. మాత్రలు మరచిపోతే గర్భం రావచ్చు.
* ఛాయ: లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో రూపొందింది. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తరువాత వారానికి ఒకసారి వేసుకోవాలి. ముట్ల మధ్య వ్యవధి పెరగవచ్చు.
* అంతర ఇంజెక్షన్: మూడు నెలలకొకసారి ఇస్తారు. ముట్లు అస్తవ్యస్తం కావచ్చు, ఆగిపోవచ్చు కూడా.
* కాపర్-టి: రక్తస్రావం, నొప్పి పెరగవచ్చు.
* అత్యవసర మాత్ర (లెవోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా.): కలయిక తరువాత వీలైనంత త్వరగా, 72 గంటలలోపు వేసుకోవాలి. తరువాతి ముట్టు ముందుగానో ఆలస్యంగానో రావచ్చు. ఇది గర్భస్రావపు మాత్ర కాదు.
* కుటుంబ నియంత్రణ ఆపరేషన్: తెలుగు రాష్ట్రాలలో అత్యధికులు అనుసరించే పద్ధతి. అరుదుగా ఇది కూడా విఫలమవుతుంది. అప్పుడు గర్భం ఫాలోపియన్ నాళంలో ఏర్పడే అవకాశం ఎక్కువ. కనుక ఆపరేషన్ అయినవారు కూడా ముట్టు తప్పితే పరీక్ష చేయించుకోవాలి.

గర్భ నిర్ధారణ

మూత్ర పరీక్ష ముట్టు రావలసిన రోజు దాటిన తరువాత నమ్మదగిన ఫలితం ఇస్తుంది. ఆ రోజు ఏదో తెలియనివారు కలయిక జరిగిన 21 రోజుల తరువాత పరీక్షించుకోవాలి. ఫలితం లేదని వచ్చినా ముట్టు రాకపోతే వారం తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఆశా కార్యకర్తల వద్ద లభించే "నిశ్చయ్" కిట్టు ఇందుకోసం ఉద్దేశించినదే. గర్భం వద్దనుకుంటే 1971 నాటి చట్టం, దాని 2021 సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయంతో, కొన్ని వర్గాలవారికి 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయంతో గర్భస్రావం చట్టబద్ధం. వివాహం కానివారికి కూడా ఈ హక్కు ఉందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

గర్భాశయ తొలగింపు

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించబడినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. క్రమం తప్పిన లేదా అధిక రక్తస్రావానికి ఎక్కువగా మందులతోనే చికిత్స చేయవచ్చు. ఆపరేషన్‌కు ముందు మరొక వైద్యుని సలహా తీసుకోవడం మంచిది.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

గర్భం లేకుండా మూడు నెలలు ముట్టు రాకపోవడం, ముట్ల మధ్య లేదా కలయిక తరువాత రక్తం కనిపించడం, ముట్లుడిగిన తరువాత రక్తస్రావం కావడం జరిగితే వైద్యుని చూడాలి. ముట్టు తప్పిన తరువాత పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరగడం, లేదా గంటకొక ప్యాడ్ తడిసేంత రక్తస్రావం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.