పొదుపు మాటలో దాగిన విముక్తి

స్పానిష్ భాషలో డబ్బు పొదుపు చేయడాన్ని 'అఒర్రార్' అంటారు. జీతంలో కొంత పక్కన పెట్టినా, నీళ్లు వృథా కాకుండా వాడినా, దగ్గరి దారిన వెళ్లి కాలం మిగుల్చుకున్నా ఇదే క్రియ. ఎదుటివారికి శ్రమ తప్పించడానికీ ఇదే మాట. దాచిన సొమ్ము 'అఒర్రోస్'.

ఈ మాట పుట్టుక తెలిసి మేము ఆశ్చర్యపోయాము. దీని మూలం అరబీ పదం 'హుర్ర్'. అంటే బానిస కానివాడు, స్వతంత్రుడు. 711లో ముస్లింలు స్పెయిన్‌లో అడుగుపెట్టారు. 1492లో గ్రనడా చేజారే వరకు, దాదాపు ఎనిమిది శతాబ్దాలు, అక్కడ ముస్లిం పాలన ఏదో ఒక ప్రాంతంలో నిలిచింది. ఆ కాలంలో వేల అరబీ పదాలు స్పానిష్‌లో కలిశాయి. చక్కెరకు 'అసూకర్', నూనెకు 'అసెయితె' అలా వచ్చినవే. 'హుర్ర్' అక్కడ 'ఒర్రో' అయింది. విడుదల పొందిన బానిసను అలా పిలిచేవారు. రాతలో 'హ' అక్షరం ఉంది, పలుకులో లేదు. ఆ 'ఒర్రో' నుంచే 'అఒర్రార్' పుట్టింది. దాని తొలి అర్థం బానిసను విడిపించడం.

తర్వాత అర్థం మెల్లగా జరిగింది. బానిసత్వం నుంచి విడిపించడం, కష్టం నుంచి తప్పించడం, ఖర్చు తప్పించడం, చివరికి పొదుపు చేయడం. పొరుగునున్న పోర్చుగీసులో మాత్రం 'అల్ఫొర్రియా' అంటే నేటికీ బానిస విముక్తే.

హజ్రత్ అబూబక్ర్ (రజి) తన సొమ్ముతో హజ్రత్ బిలాల్ (రజి)ను బానిసత్వం నుంచి విడిపించిన సంగతి మనందరికీ తెలుసు. దివ్య ఖుర్ఆన్ సూరా తౌబా 60వ ఆయత్ జకాత్ ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దులు చెబుతుంది. అందులో బానిసల విముక్తి ఒకటి, అప్పులపాలైనవారు మరొకటి. అదే సూరా 34వ ఆయత్ బంగారం, వెండి కూడబెట్టి అల్లాహ్ మార్గంలో ఖర్చు చేయనివారిని హెచ్చరిస్తుంది. కూడబెట్టడం వేరు, విడిపించడానికి పొదుపు చేయడం వేరు.

మన లెక్కల పుస్తకంలోని జమ, బాకీ, వసూలు కూడా అరబీ నుంచి వచ్చినవే. ఈ ఏడు జమ రాసేటప్పుడు 'హుర్ర్' అనే మాటను కూడా గుర్తుంచుకుందాం. ఇంట్లో మిగిల్చిన రూపాయి ముందు మనల్ని అప్పు నుంచి కాపాడుతుంది. మన చేయి దాటితే, వడ్డీ కింద నలిగే మరో ఇంటికి ఊపిరి పోస్తుంది.