ఢిల్లీలో జలపాతం ఎలా వచ్చింది?

ఢిల్లీలో జలపాతమా? ఉంది. నగరానికి దక్షిణాన, అసోలా భాటీ వన్యప్రాణి అభయారణ్యంలోని నీలీ ఝీల్ దగ్గర 2023లో నాలుగు జలపాతాలు ఏర్పాటు చేశారు. అయితే మన కుంటాలలా అవి సహజమైనవి కావు. సరస్సు నీటినే పంపులతో పైకి తోడి, రాళ్ల మీదుగా కిందికి వదులుతారు.

ఆరావళి కొండలు చాలా పాతవి. అరిగి అరిగి పొట్టిగా మిగిలాయి. వానాకాలం పోతే వాగులూ ఎండిపోతాయి. నీలీ ఝీల్ కూడా ఒకప్పటి గనిగుంటే. భాటీలో తవ్వకాలు 1990ల మొదట్లో ఆగాక గుంటల్లో నీరు చేరింది.

అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఊరి చెరువులో లోతు మెల్లగా పెరుగుతుంది. గనిగుంట అంచు మాత్రం నిట్టనిలువు. ఒక్క అడుగు తేడాతో కాలికి నేల అందదు, ఎక్కి రావడానికి పట్టూ దొరకదు. పక్కనే ఫరీదాబాద్ వైపు ఇలాంటి గుంటల్లో ఈతకు దిగి ఎందరో కుర్రాళ్లు చనిపోయారు. ఒకదానికి ఖూనీ ఝీల్ అనే పేరే పడింది.

నడకకు వెళ్లాలనుకుంటే ముందుగా అటవీశాఖ దగ్గర ప్రవేశం గురించి కనుక్కోండి. రీల్స్‌లో చూపించే దొంగదారులు వద్దు. అది చిరుతలు తిరిగే అడవి కూడా.