మట్టి ఎవరు, మాణిక్యం ఎవరు?

'మట్టిలో మాణిక్యం'. టెలివిజన్ వినోద కార్యక్రమాల గురించి వార్తలు రాసిన కాలంలో నేను అత్యధికంగా వాడిన శీర్షిక ఇదే. గోదావరిఖని నుంచి ఒక యువతి పాటల పోటీకి ఎంపికైనా, ఇంక్లైన్ కాలనీ కుర్రాడు హాస్య కార్యక్రమంలో చిన్న వేషం వేసినా ఆ రెండు మాటలే డెస్కుకు పంపేవాణ్ని. మార్చాలని డెస్కుకూ ఎన్నడూ తోచలేదు. ఒకరోజు ఆ కుర్రాడి తండ్రి పత్రిక చేతపట్టుకుని నా దగ్గరకు వచ్చాడు. తట్టా చెమ్మస్‌తో టబ్బుల్లో బొగ్గు నింపి రిటైరైన కోల్ ఫిల్లర్ ఆయన. "నా కొడుకు మాణిక్యం, మంచిదే బిడ్డా. మరి మట్టి ఎవలు? మేమేనా?" అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. మాదీ బాయి పని మీద బతికిన దళిత కుటుంబమే. అయినా ఆ శీర్షికలోని 'మట్టి' నాకు అంతవరకు కనిపించలేదు. వినోద వార్తకు కులం ఉండదని మేమంతా నమ్మడమే దానికి కారణం. ఆ నమ్మకాన్ని ప్రశ్నించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాకు ఆ పని ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. బొగ్గు గనుల పట్టణంలో విలేకరికి గౌరవం తెచ్చే వార్తలు మూడే: సింగరేణి యాజమాన్యం, కార్మిక సంఘాలు, రాజకీయాలు. అవి అప్పటికే పలుకుబడి ఉన్నవారి చేతుల్లో ఉన్నాయి. నాకు మిగిలింది సినిమా పేజీకి టీవీ కబుర్లు. "అక్కడైతే నీకు ఏ గొడవా ఉండదు" అన్నాడొక సీనియర్. గొడవ అనే మాటకు ఆయన అర్థంలో కులం అని నాకు తర్వాత తెలిసింది.

ఇది ఒక్క పట్టణపు కథ కాదు. ఢిల్లీలో దళిత పాత్రికేయుడి కోసం వెతికి ఒక్కరినీ కనుగొనలేకపోయానని బి.ఎన్. ఉనియాల్ 1996లో రాశారు. పదేళ్ల తర్వాత, 2006లో, ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిని సర్వే చేస్తే వారిలో దళితులు, ఆదివాసులు ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ చేసిన అధ్యయనంలో 121 నాయకత్వ స్థానాలకు 106 అగ్రకులాల వారివే. ఎస్సీ, ఎస్టీలు శూన్యం. ఈ లెక్కలు తెలుగు పత్రికలవి కావు. కానీ తెలుగు న్యూస్‌రూమ్‌ను దగ్గరగా చూసిన వారెవరికీ ఇవి కొత్తగా అనిపించవు. మండల స్థాయి కంట్రిబ్యూటర్లలో బహుజనులు ఎందరో ఉంటారు. ఏది వార్తో తేల్చే కుర్చీ దగ్గరకు వచ్చేసరికి వారు పలచబడతారు.

టీవీ వినోద వార్త తయారయ్యే తీరు చాలామంది పాఠకులకు తెలియదు. ఛానెల్ ప్రచార విభాగం నుంచి ప్రెస్ నోట్ వస్తుంది. కొత్త సీరియల్ మొదలైతే నటీనటులతో ఇంటర్వ్యూ వారే ఏర్పాటు చేస్తారు; ఏం అడగకూడదో కూడా మెల్లగా చెబుతారు. గురువారం నాడు బార్క్ రేటింగ్‌లు వస్తాయి. ఏ సీరియల్ పైకి పోయింది, ఏది కిందికి జారింది అన్నదే ఆ వారపు చర్చ. ఆ రేటింగ్ వెనుక ప్రేక్షకులను తరగతులుగా విభజించే కొలత ఒకటుంది. ఇంటి ప్రధాన సంపాదనపరుడి చదువు ఎంత, పదకొండు ఆస్తుల్లో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయి అన్నవి చూసి వారి తరగతిని నిర్ణయిస్తారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కారు వంటి వాటితో పాటు వ్యవసాయ భూమి కూడా ఆ పదకొండులో ఒకటి. కులం అనే గడి అందులో లేదు. కానీ తరతరాలుగా భూమినీ చదువునూ ఎవరికి నిరాకరించారో తెలిసిన సమాజంలో ఆ రెండింటినీ లెక్కించాక కులం గడి విడిగా ఎందుకు? సొంత భూమి లేక, చదువు లేక గనిలోకి దిగిన మనిషి ఆ కొలతలో రెండు చోట్లా మార్కులు కోల్పోతాడు. ప్రకటనదారుకు ఎవరి చూపు విలువైనదో ఆ కొలత చెబుతుంది. ఎవరి కథ తీయాలో ప్రకటనదారు చెబుతాడు.

'కార్తీక దీపం' సీరియల్‌నే తీసుకోండి. 2017 నుంచి 2023 వరకు స్టార్ మాలో నడిచింది. మా కాలనీల్లో ఆ సమయానికి వీధులు నిర్మానుష్యమయ్యేవి. నల్లగా ఉన్నందుకు అవమానాలు పడే దీప కథ అది. బొగ్గు ఊళ్లో నలుపు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. షిఫ్టు దిగి వచ్చే మనిషి ఒంటి మీది నలుపును, పుట్టుకతో వచ్చిన నలుపును కలిపి ఎగతాళి చేసిన బాల్యాలు ఇక్కడ ఎన్నో. అందుకే ఇక్కడి ఆడవాళ్లు వంటలక్కను తమ మనిషి అనుకున్నారు. కానీ ఆ పాత్ర నలుపు మేకప్‌తో వచ్చింది. నటి ప్రేమి విశ్వనాథ్ ప్రతిభను శంకించడం లేదు. నల్లని అమ్మాయి బాధను ప్రతి సాయంత్రం అమ్మగలిగిన పరిశ్రమకు నల్లని అమ్మాయి ఎందుకు దొరకలేదన్నదే ప్రశ్న. దీప రోజుకు ఎన్ని గంటలు మేకప్‌లో గడుపుతుందో నేను ఆసక్తికరంగా రాశాను. అడగవలసిన ఆ ప్రశ్న మాత్రం అడగలేదు.

ఇక ఆ 'మట్టి' సంగతి. 1960ల తొలినాళ్లలో ఇక్కడ గనులు తెరుచుకున్నప్పుడు చుట్టుపక్కల జిల్లాల నుంచి పనికి వచ్చిన వారిలో దళిత, బహుజన కులాల వారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారు ఒట్టి చేతులతో రాలేదు. డప్పు తెచ్చారు. గొల్ల కురుమల ఒగ్గు కథ, చిందు మాదిగల యక్షగానం, బతుకమ్మ పాట వారి వెంటే వచ్చాయి. కార్మిక సంఘాల సభల్లో ఆ గొంతులే పలికాయి. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం బొగ్గు గనుల ప్రాంతానికి చేరేసరికి ఇక్కడ వేదిక ఎక్కడానికి జనం సిద్ధంగానే ఉన్నారు. 2011లో 42 రోజులు సాగిన సకల జనుల సమ్మెలో గనులు ఆగినప్పుడు శిబిరాలను నిలబెట్టినవి ఆ ఆటపాటలే. ఆ మరుసటి ఏడాది వచ్చిన వీ6 ఛానెల్ 'తీన్మార్ వార్తలు'తో అదే యాసను ప్రధాన భాష చేసి చూపించింది. అంతకుముందు మన తెరపై ఆ యాస ఎక్కువగా పనిమనిషికీ రౌడీకీ దక్కేది.

ఇంతటి సామూహిక సంపదను పక్కకు నెట్టి, ఒక్క కుర్రాడిని విడదీసి మాణిక్యం అనడంలో రెండు అన్యాయాలున్నాయి. అతను నేర్చుకున్న విద్యకు గురువులను, కులాన్ని, వాడను లేకుండా చేస్తాం. అతన్ని 'కనిపెట్టిన' ఘనతను ఛానెల్‌కు కట్టబెడతాం. ఆ కోల్ ఫిల్లర్ కొడుకు తాత దగ్గర డప్పు నేర్చుకున్నాడు. కార్యక్రమంలో అతనికి దొరికింది తాగుబోతు వేషం. స్క్రిప్టు ఎవరు రాశారని, ఎపిసోడ్‌కు ఎంత ఇచ్చారని నేను అడగలేదు. 'చిన్నప్పటి నుంచి కష్టాలే' అని రాసి, కింద ఫొటో పెట్టాను.

మాణిక్యమన్న వారినే తర్వాత మనం మరిచిపోతాం. డక్కలి కులానికి చెందిన కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది; అంతకు ముందు ఏడాదే సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. 2024లో ఆయన కూలి పని చేస్తున్న దృశ్యాలు చూసి రాష్ట్రం ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యం ఎందుకు? ఆయన గురించి రాసినప్పుడు వాద్యం మెట్లు లెక్కపెట్టాం. ఇంటి ఆదాయం అడగలేదు. ఆ కులాన్ని వృత్తిగాయకులుగా నిలిపిన సామాజిక ఏర్పాటు కూలిపోయాక వారు ఎలా బతుకుతున్నారో వినోద పేజీకి అక్కరలేకపోయింది.

అవమానం జరిగినప్పుడు రాసే తీరూ అంతే. కల్లుగీత వృత్తివారిని కించపరిచారంటూ 2014లో 'జబర్దస్త్' స్కిట్‌పై గౌడ సంఘాలు ఆగ్రహించాయి. కళాకారుడిపై దాడిని ఎవరూ సమర్థించకూడదు. కానీ మా వార్తలన్నీ 'వివాదం'తో మొదలై 'క్షమాపణ'తో ముగిశాయి. నవ్వించడానికి ఎప్పుడూ చేతివృత్తుల కులాలే ఎందుకు కావాలి, రచన గదిలో ఎవరుంటారు అన్న చర్చ జరగలేదు.

వినోద విలేకరి పని చిన్నది కాదు. సంపాదకీయాలు చదవని ఇంట్లోనూ టీవీ ఉంటుంది. ఆ తెర గురించి రాసేవాడు నిజానికి అతి పెద్ద సాంస్కృతిక సంస్థను విచారిస్తున్నట్టే. జర్నలిజం చదువుతున్న బహుజన విద్యార్థులకు ఈ విభాగం దొరికితే శిక్షగా భావించవద్దని నా మనవి. ప్రెస్ నోట్ పక్కన పెట్టి అడగండి: పాత్ర ఎవరిది, రచయిత ఎవరు, పారితోషికం ఎంత, ఒప్పందంలో ఏముంది, ఆ కళ ఎవరి దగ్గర నేర్చుకున్నారు. సింగరేణిలో కోల్ ఫిల్లర్‌కు మస్టర్ ఉండేది, వేతన ఒప్పందం ఉండేది, సంఘం ఉండేది. అతని కొడుకు స్టూడియోలో చేసేదీ పనే. ఆ పనిని పనిగా రాయడం నేర్చుకుంటే చాలా ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.

ఆ తండ్రికి నేను ఆలస్యంగానే జవాబు చెప్పాను. మరోసారి ఆయన కొడుకు గురించి రాసినప్పుడు తాత పేరుతో, డప్పుతో మొదలుపెట్టాను. డెస్కు శీర్షిక మార్చి 'మట్టిలో మాణిక్యం' అనే పెట్టింది. మర్నాడు ఫోన్ చేసి ఎందుకు మార్చారని అడిగాను. అన్నేళ్ల ఉద్యోగంలో ఒక శీర్షిక గురించి నేను అడగడం అదే మొదటిసారి.