బొబ్బిలి దుంగ నుంచి ఫెండర్ బాస్ దాకా: తీగ వాద్యాల వింతలు విశేషాలు

ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లు నలుగురు ఒకచోట చేరితే వాదన తప్పదు. ఫెండర్ గొప్పా, గిబ్సన్ గొప్పా? మెడ అతికించింది మేలా, స్క్రూలతో బిగించింది మేలా? మెట్టు ఎత్తుగా ఉండాలా, అణిగి ఉండాలా? ఇలాంటి ప్రశ్నలు మన కళింగాంధ్రకు కొత్త కావు. బొబ్బిలిలో వీణ ఎంచుకునేవాళ్లు గిటార్ పేరు వినని రోజుల నుంచే ఇలాంటివి అడుగుతున్నారు.

ఒకే దుంగ, ఒకే నాదం

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లి. సర్వసిద్ధి కుటుంబాల వడ్రంగులు తరతరాలుగా వీణలు చేస్తున్న ఊరు. కుండ, దండి విడివిడిగా చేసి అతకరు. ఒకే పనస దుంగను ఉలితో తొలిచి రెండూ తీస్తారు. దీన్నే ఏకాండ వీణ అంటారు. అతుకు లేకపోతే తీగ కదలిక కట్టెలో ఎక్కడా ఆగదనీ, నాదం ఎక్కువసేపు నిలుస్తుందనీ వైణికుల నమ్మకం. భౌగోళిక గుర్తింపు విషయంలోనూ బొబ్బిలిదే ముందడుగు. తంజావూరు వీణకు ఆ గుర్తింపు 2013లో వస్తే, బొబ్బిలి వీణకు అంతకు ముందే వచ్చింది.

అతుకుతోనే ప్రపంచాన్ని గెలిచిన గిటార్

అమెరికాలో లియో ఫెండర్ సరిగ్గా దీనికి ఎదురుదారి పట్టాడు. బోలు లేని గట్టి చెక్కతో 1950లో అతను మార్కెట్లోకి తెచ్చిన గిటార్‌కి మరుసటి ఏడు టెలికాస్టర్ అనే పేరు స్థిరపడింది. దాని మెడను ఒంటికి నాలుగు స్క్రూలతో బిగిస్తారు. మెడ పాడైతే విప్పి కొత్తది వేసుకోవచ్చు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్‌కి మాత్రం మెడను జిగురుతో అతికించారు. ఆ పేరు గల గిటారిస్టు లెస్ పాల్ అంతకు ముందే, 1940 ప్రాంతంలో, ఒక మందపాటి కట్టె మీదే తీగలు బిగించి ప్రయోగం చేశాడు. నాదం నిలవాలంటే కట్టె గట్టిగా ఉండాలన్న అతని ఆలోచన బొబ్బిలి వడ్రంగికి వెంటనే అర్థమవుతుంది.

మొదటి బాస్, మన జముకు

పెద్దఎత్తున తయారై అమ్ముడైన మొదటి ఎలక్ట్రిక్ బాస్ ఫెండర్ ప్రెసిషన్. పుట్టింది 1951లో. నిలువెత్తు డబుల్ బాస్ మోయలేక ఇబ్బంది పడుతున్న వాద్యకారులకు అది భుజాన వేసుకునే వాద్యమైంది. తీగలు నాలుగు. వీణకూ వాయించే తీగలు నాలుగే: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. తాళానికి పక్కన మూడు వేరు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జముకుల కథ చెప్పేవాళ్లకు అలాంటి మంద్ర నాదాన్ని జముకు ఒక్క తీగతోనే ఇస్తుంది. చిన్న పాత్రకు ఒక పక్క తోలు, దాని నడిమి నుంచి ఒక తీగ. పాత్రను చంకన ఇరికించి తీగను ఒక చేత్తో లాగి పట్టి, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే లోతుకు జారుతుంది. మెట్లు లేవు, బిరడాలు లేవు. స్వరమంతా చేతి బిగువులోనే ఉంది.

మెట్లు ఇరవై నాలుగు

వీణ మెట్ల లెక్క 24, అంటే ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు. ఫెండర్ తొలి స్ట్రాటోకాస్టర్‌కి 21 మెట్లు, లెస్ పాల్‌కి 22. ఇరవై నాలుగు కావాలనే గిటారిస్టులు అందుకు వేరే మోడల్ వెతుక్కోవాలి. గిటార్ మెట్టును చెక్కలోకి దిగగొడతారు. వీణ మెట్టు మైనం మీద కూర్చుంటుంది. అందుకే మెట్లు శ్రుతి తప్పితే మైనం తీసి మళ్లీ కట్టించుకోవచ్చు.

వీణ నుంచి గిటార్‌కి వెళ్లిన లోయ

వీణ మీద వేలు తీగను పక్కకు లాగితే ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలుకుతాయి. వేలికి కింద కట్టె తగలకపోవడం ఇందుకు సాయపడుతుంది. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకుని ఈ కిటుకు పట్టాడు. 1970లలో శక్తి బృందం కోసం గిబ్సన్ వాళ్లతో ఒక గిటార్ చేయించి, మెట్ల మధ్య చెక్కను లోయలా తొలిపించాడు. గమకం కోసం గిటార్ రూపమే మారింది.

అయిదు తీగల అద్భుతం

పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదో ఏట, 1978లో, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి మాండొలిన్ కచేరీ చేశాడు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. జంట తీగల మీద గమకం సాగదు, నాదం చప్పున ఆరిపోతుంది. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకుని, దానికి అయిదు ఒంటి తీగలే ఉంచాడు. తర్వాత అదే వాద్యంతో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నాడు.

పక్కవాద్యం ముందుకొచ్చిన రోజు

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. తొలి ప్రిన్సిపల్ ఆదిభట్ల నారాయణదాసు. ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్లకే అక్కడ వయొలిన్ ఆచార్యుడయ్యారు. 1938లో వెల్లూరులో ఆయన చేసిన వయొలిన్ సోలో కచేరీని ఆ కోవలో తొలి వాటిలో ఒకటిగా చెబుతారు. గాయకుడి వెనక ఉండే వాద్యానికి అలాంటి కచేరీలతో సొంత వేదిక దొరికింది.

అరవై లక్షల డాలర్ల చెక్క

రాక్ గాయకుడు కర్ట్ కోబేన్ వాయించిన మార్టిన్ గిటార్ 2020లో వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అది కట్టె ఖరీదు కాదు, దాన్ని పట్టుకున్న చేతికి జనం ఇచ్చిన విలువ.

చివరికి ఏది మేలు?

ఏకాండమా, అతుకా అన్నదానికి ఒక్క జవాబు లేదు. జముకు కథకుడికి ఒక తీగ చాలింది, శ్రీనివాస్‌కి అయిదు కావలసి వచ్చాయి. తనలోని పాటకు ఏది అడ్డు రాదో దాన్నే కళాకారుడు ఎంచుకుంటాడు. ఎంచుకోవాలంటే ముందు ఎదురుగా వాద్యం ఉండాలి. వీణకు సరిపడా లావెక్కాలంటే పనస చెట్టు దశాబ్దాలు పెరగాలి. ఉలి చేతికి అలవడాలంటే కుర్రాడు ఏళ్ల తరబడి పెద్దల పక్కన కూర్చోవాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనస మొక్కలు నాటాలి, గొల్లపల్లి పిల్లలకు ఆ పనిలో కడుపు నిండే కూలి దక్కాలి. వీణ కొనదలచినవాళ్లు బొమ్మ చూసి తెప్పించుకోకుండా గొల్లపల్లి వెళ్లండి. నాలుగు వీణలు ఒళ్లో పెట్టుకుని మీటి, మీ చెవికి నచ్చినదాన్ని చేసినవాళ్ల చేతి నుంచే కొనుక్కోండి.