వీసా కాగితంలో ఒక్క అరబీ మాట

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు బయలుదేరే యువకులు ప్రయాణానికి ముందు మదరసాకు రావడం మాకు పరిపాటి. దుఆ చేయమని వస్తారు. చేతిలో వీసా నకలు ఉంటే అదీ చూపుతారు. “కాస్త చదివిపెట్టండి మౌలానా, అంతా సరిగ్గానే ఉందా?” అని అడుగుతారు. మేము బోధించే అరబీ వేరు, ప్రభుత్వ కార్యాలయాల అరబీ వేరు. అయినా ఆ కాగితంలోని ఒక పంక్తిని మా చిన్న తరగతి విద్యార్థి కూడా చదవగలడు. అది ‘మిహ్నా’, అనగా వృత్తి.

అక్కడ ‘సాయిఖ్ ఖాస్’ అని ఉంటే ఇంటి డ్రైవరు. ‘ఆమిల్ మన్‌జిలీ’ అంటే ఇంటి పనివాడు. ‘రాఈ గనమ్’ అంటే గొర్రెల కాపరి. కంపెనీలో లారీ నడిపే ఉద్యోగమని మాట ఇచ్చిన ఏజెంటు, కాగితంలో గొర్రెల కాపరి అని ఎందుకుందని అడిగితే, “రాతకేముంది, అక్కడికి వెళ్లాక మార్చేస్తారు” అంటాడు. గొర్రెలు కాయడం ప్రవక్తలు చేసిన పని. అందులో చిన్నతనం లేదు. ఆపద మరోచోట ఉంది. సౌదీ ప్రభుత్వం 2021 మార్చిలో తెచ్చిన కార్మిక సంస్కరణల వల్ల, కొన్ని షరతులకు లోబడి, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు, దేశం విడిచి రాగల వీలు కలిగాయి. అయితే ఇంటి డ్రైవరు, ఇంటి కాపలాదారు, ఇంటి పనివారు, గొర్రెల కాపరి, తోటమాలి లేదా వ్యవసాయ కూలీ అనే ఐదు వర్గాలను వాటి నుంచి మినహాయించారు. ఎడారిలో చిక్కుకున్న మనిషి తనంతట తాను బయటపడగలడా లేదా అన్నది ఆ ఒక్క మాటపై ఆధారపడి ఉందన్నమాట. చదివించుకోవలసింది విమానం ఎక్కకముందే.

పదవ తరగతి సర్టిఫికెట్ లేనివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ కోవలోకి వస్తుంది. మదరసాలో మాత్రమే చదివిన మన పిల్లలలో చాలామందిది ఇదే పరిస్థితి. దానిని వారు మచ్చగా భావిస్తారు. నిజానికి అది రక్షణ. అటువంటివారు గల్ఫు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి పొందాలి. దానికోసం ఒప్పందపత్రం, జీతం, యజమాని వివరాలు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాయి. ఈ తతంగం తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా చేతిలో పెడతారు. ఆ వీసాపై పనిచేయడం అక్కడ నేరం. జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయడానికి నోరుండదు.

లైసెన్సు ఉన్న ఏజెంటు తన సేవకు తీసుకోదగిన గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఇంటామె నగలు తాకట్టు పెట్టి లక్షలు ముట్టజెప్పేవారు ఈ అంకెను ఒకసారి గుర్తుచేసుకోవాలి. అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికుల నివాస భవనం కాలిపోయి కనీసం 45 మంది భారతీయులు మరణించారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారే. ఆ వార్త చదివిన ఏ ఇంట్లోనైనా బీమా కాగితం ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఇక సామాను సంగతి. ఇది తల్లులు, అక్కాచెల్లెళ్లు వినవలసిన మాట. కూరలో వేసుకుంటాడని ప్రేమతో కట్టి ఇచ్చే గసగసాలు సౌదీలోనూ, ఎమిరేట్స్‌లోనూ మత్తుపదార్థంతో సమానం. చారెడు గింజలకే జైలుపాలయ్యే ప్రమాదముంది. ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, కొడీన్ కలిసిన దగ్గు మందులు కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్లరాదు. ఇతరులు ఇచ్చే పొట్లాలు మరీ ప్రమాదకరం. 2019లో ముంబయికి చెందిన భార్యాభర్తలు బంధువు చేతికిచ్చిన పొట్లంతో ఖతార్‌లో దిగారు. అందులో దాదాపు నాలుగు కిలోల హషీష్ బయటపడింది. పదేళ్ల శిక్ష పడింది. గర్భవతియైన ఆమె జైలులోనే ప్రసవించింది. నిర్దోషులని తేలి 2021లో స్వదేశం చేరారు. ఎవరైనా పచ్చడి సీసా ఇచ్చి ఫలానావారికి అందజేయమంటే కాదనడానికి మనవాళ్లు మొగమాటపడతారు, అమానత్ కదా అని. మూత తీసి, ఇచ్చినవారి ఎదుటే చూసి పుచ్చుకోవడం అమానత్‌కు భంగమేమీ కాదు. ఒప్పుకోనివారి సీసా ఇంట్లోనే ఉండనివ్వండి.

వెళ్లినవాని భార్య వద్ద ఉండవలసినవి: పాస్‌పోర్టు, వీసా, ఒప్పందపత్రాల నకళ్లు, యజమాని పేరు, ఫోను, అక్కడ చేరిన తరువాత ఇఖామా నంబరు. ఇవి లేకపోతే రియాద్‌లోని రాయబార కార్యాలయం కూడా మనిషిని ఎక్కడని వెదకగలదు? విదేశాంగ శాఖ వారి ‘మదద్’లో ఫిర్యాదు ఇంటివారే నమోదు చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత ఫోను 1800 11 3090. వంటగది గోడకు వేలాడే నమాజు వేళల కేలండరుపై ఆ అంకెలు పెద్దగా రాసి ఉంచండి.